కోనసీమలో కెమెరా.. కువైట్‌లో ఫోన్.. మధ్యలో అడ్డుపడేది ఎవరు? తేల్చేది ఓ చిన్న సర్వరే!

ఇల్లు ఐనవిల్లిలో. ఇంటాయన కువైట్‌లో. వాకిట్లో ఒకటి, కొబ్బరి తోటలో ఒకటి, చెరువు గట్టు మీద ఒకటి.. మూడు కెమెరాలు. కోనసీమలో ఇప్పుడిది మామూలు సంగతే. ఇంట్లో వైఫై మీద చూస్తే ఫోన్‌లో బొమ్మ అద్దంలా వస్తుంది. అదే కువైట్ నుంచి ఓపెన్ చేస్తే మాత్రం స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది.

కెమెరాలు బిగించినాయనకి ఫోన్ చేస్తే.. "మా వైపు అంతా బానే ఉందండి, నెట్ వాళ్లని అడగండి" అంటాడు. నెట్ వాళ్లకి చేస్తే.. "లైన్ ఫుల్ స్పీడ్ వస్తుందండి, కెమెరా ఆయన్ని అడగండి" అంటారు. తమాషా ఏంటంటే ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. కెమెరా బాగుంది, లైనూ బాగుంది. మధ్యలో 'నాట్' అనేది ఒకటి కూర్చుంది. పూర్తి పేరు నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్.

దీంతో చిక్కేంటంటే.. ఇంట్లో కూర్చుని ఎంత వెతికినా ఇది పూర్తిగా కనపడదు. మన తలుపు బయటి నుంచి తెరుచుకుంటుందో లేదో తెలియాలంటే, బయట నిలబడ్డ ఎవరో ఒకరు తట్టి చూడాలి. సరిగ్గా ఆ పని కోసమే ఇంటర్నెట్‌లో కొన్ని బుల్లి సర్వర్లు ఉన్నాయి. మనం చేసే వీడియో కాల్స్ వెనక కూడా ఇలాంటివే పనిచేస్తుంటాయి. వీటిని పెద్ద కంపెనీలే నడపాలని రూల్ ఏం లేదు. కాస్త కంప్యూటర్ తెలిసిన ఎవరైనా నడపొచ్చు. అదెలాగో, అందులో మెలికలేంటో చూద్దాం.

కేరాఫ్ కిరాణా కొట్టు

ఇంటర్నెట్‌లో ఉన్న ప్రతి మెషీన్‌కీ ఒక ఐపీ అడ్రస్ కావాలి. ఐపీవీ4 అనే పాత పద్ధతిలో మొత్తం అడ్రస్‌లు దాదాపు 430 కోట్లు. వినడానికి ఎక్కువే. ప్రపంచంలోని ఫోన్లు, టీవీలు, కెమెరాలు అన్నీ కలిపి లెక్కేస్తే ఏ మూలకీ చాలవు. 2011 ఫిబ్రవరి 3న ప్రపంచ స్థాయిలో మిగిలిన ఆఖరి బ్లాకులు కూడా పంచేశారు. కొరత వస్తుందని ముందే తెలుసు కాబట్టి 1994లోనే నాట్ పద్ధతిని కాగితం మీద పెట్టారు.

పాత రోజులు గుర్తున్నవాళ్లకి ఇది ఈజీగా అర్థమవుతుంది. ఊరి చివర ఇల్లు, డోర్ నంబర్ సరిగ్గా ఉండదు. గల్ఫ్ నుంచి ఉత్తరం రావాలంటే 'కేరాఫ్ ఫలానా కిరాణా కొట్టు' అని రాయించుకునేవాళ్లు. కొట్టాయనకి ఎవరి ఉత్తరం ఎవరిదో తెలుసు కాబట్టి పంపించేవాడు. మన ఇంట్లో వైఫై రౌటర్ ఆ కొట్టాయనే. లోపల ఉన్న ఫోన్లకి, టీవీకి, కెమెరాకి 192.168తో మొదలయ్యే సొంత నంబర్లు ఇస్తుంది. బయటికి మాత్రం అందరికీ ఒకటే అడ్రస్.

ఫోన్ నుంచి ఒక ప్యాకెట్ బయటికి వెళ్తే రౌటర్ తన పుస్తకంలో రాసుకుంటుంది.. 'ఈ ఫోన్, ఈ పోర్ట్ నుంచి వెళ్లింది, బయటికి ఈ పోర్ట్ కింద పంపాను' అని. పోర్ట్ అంటే ఆ అడ్రస్‌లో గది నంబర్ అనుకోండి. జవాబు వస్తే పుస్తకం చూసి లోపలికి పంపుతుంది. పుస్తకంలో లేనిది వస్తే? ఎవరికి ఇవ్వాలో తెలియదు, పారేస్తుంది. అందుకే ఇంట్లోంచి యూట్యూబ్ చూడటానికి ఏ అడ్డూ ఉండదు, ముందు మాట్లాడింది మనమే కాబట్టి. కువైట్ నుంచి కెమెరాని పిలిస్తే మాత్రం అది పుస్తకంలో లేని ఉత్తరం.

ఇంకో విషయం. ఆ పుస్తకంలో రాత శాశ్వతం కాదు. కాసేపు మాటలు లేకపోతే కొట్టేస్తారు. వీడియో కాల్స్‌కి వాడే యూడీపీ పద్ధతిలో కనీసం 2 నిమిషాలు ఉంచాలని ఇంటర్నెట్ ప్రమాణాల్లో ఉంది గానీ, అర నిమిషానికే చెరిపేసే రౌటర్లూ ఉన్నాయి. అందుకే కాల్ నడుస్తున్నంతసేపూ యాప్‌లు కొన్ని సెకన్లకోసారి 'ఉన్నానండి' అని చిన్న ప్యాకెట్ పంపుతూనే ఉంటాయి.

కేరాఫ్‌కి ఇంకో కేరాఫ్

ఇంటి రౌటర్ ఒక్కటే అయితే పెద్ద సమస్య కాదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి 'ఈ పోర్ట్‌కి ఎవరొచ్చినా కెమెరాకి పంపు' అని చెబితే సరిపోతుంది. దీన్నే పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారు. అసలు తలనొప్పి ఆ పైమెట్టులో ఉంది. అడ్రస్‌లు చాలక ఇంటర్నెట్ కంపెనీలే వందలాది ఇళ్లని ఒకే పబ్లిక్ అడ్రస్ వెనక పెడుతున్నాయి. దీని పేరు క్యారియర్ గ్రేడ్ నాట్, ముద్దుగా సీజీనాట్. దీనికోసమే 2012లో 100.64 నుంచి 100.127 వరకు ఉన్న అడ్రస్‌లని ప్రత్యేకంగా పక్కన పెట్టారు.

అంటే మన కిరాణా కొట్టుకే సొంత అడ్రస్ లేదు. దానికీ ఇంకో కేరాఫ్ ఉంది. ఇంట్లో రౌటర్‌లో ఎన్ని సెట్టింగ్స్ మార్చినా పైన కంపెనీ దగ్గర ఉన్న పుస్తకంలో మనం రాయలేం. కెమెరాలు పెట్టేవాళ్లలో చాలామంది ఇక్కడే గంటలు గంటలు పోగొట్టుకుంటారు.

మీది సీజీనాటా కాదా అని తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. రౌటర్ పేజీ ఓపెన్ చేసి వ్యాన్ ఐపీ అనే చోట ఏ నంబర్ ఉందో చూడండి. తర్వాత అదే వైఫై మీద బ్రౌజర్‌లో 'నా ఐపీ ఎంత' అని చూపించే ఏదైనా సైట్ ఓపెన్ చేయండి. రెండూ ఒకటే అయితే పైన ఇంకో నాట్ లేదు. రౌటర్‌లో 100.64–100.127 మధ్యలోదో, 10తో మొదలయ్యేదో ఉండి, సైట్‌లో వేరేది కనిపిస్తే మీ పైన ఇంకో నాట్ ఉన్నట్టే.

ఇప్పుడు మీరు చేసిన రెండో పని గమనించారా? బయట ఉన్న ఒక సైట్‌ని 'నేనెలా కనిపిస్తున్నాను?' అని అడిగారు. మనం చెప్పుకుంటున్న సర్వర్ చేసే మొదటి పని అచ్చంగా ఇదే.

అడిగేది 20 బైట్లు.. చెప్పేది 32 బైట్లు

ఆ సర్వర్ పేరు స్టన్. 2003లో తొలి ప్రమాణం వచ్చింది. ఫోన్ ఒక ప్రశ్న పంపుతుంది, మొత్తం 20 బైట్లు. సర్వర్ ఆ ప్యాకెట్ ఏ అడ్రస్ నుంచి, ఏ పోర్ట్ నుంచి వచ్చిందో చూసి తిరిగి చెబుతుంది. మామూలుగా 32 బైట్ల జవాబు. ఒక ఎస్సెమ్మెస్ కంటే చిన్నది. అంతే, పని అయిపోయింది. సర్వర్ ఏమీ దాచుకోవాల్సిన పని కూడా లేదు.

ఇందులో సరదా సంగతి ఒకటుంది. మొదట్లో సర్వర్ ఆ అడ్రస్‌ని ఉన్నదున్నట్టు రాసి పంపేది. కొన్ని రౌటర్లు అతితెలివితో ప్యాకెట్ లోపల తమ అడ్రస్ కనిపిస్తే చాలు, దాన్ని కూడా లోపలి నంబర్‌గా మార్చేసేవి. దాంతో ఫోన్‌కి తప్పు జవాబు చేరేది. 2008లో ప్రమాణాన్ని తిరగరాసినప్పుడు అడ్రస్‌ని ఒక స్థిరమైన అంకెతో కలిపి మారువేషం వేసి పంపడం మొదలుపెట్టారు. రౌటర్ గుర్తుపట్టదు, ఫోన్ విప్పుకుంటుంది. రౌటర్లని ఏమార్చడానికి ప్రమాణమే రాయాల్సి వచ్చింది చూడండి.

ఇక వీడియో కాల్‌లో దీని పాత్ర. ఐనవిల్లి ఫోన్ స్టన్‌ని అడిగి తన బయటి అడ్రస్ తెలుసుకుంటుంది. కువైట్ ఫోన్ కూడా అంతే. యాప్ ద్వారా ఒకరి అడ్రస్ ఒకరికి ఇచ్చుకుంటాయి. తర్వాత ఇద్దరూ ఒకేసారి ఎదుటివాళ్లకి ప్యాకెట్లు కొడతారు. మొదటి ప్యాకెట్ అవతలి రౌటర్ దగ్గర పోయినా ఫర్వాలేదు, ఎందుకంటే బయటికి వెళ్లేటప్పుడు మన రౌటర్ పుస్తకంలో అవతలివాళ్ల పేరు పడిపోయింది. ఇప్పుడు వాళ్ల నుంచి వచ్చింది లోపలికి వచ్చేస్తుంది. రెండు వైపులా ఇలా దారి తెరుచుకుంటే మధ్యలో ఏ సర్వరూ లేకుండా బొమ్మ నేరుగా వెళ్తుంది. వాట్సాప్‌లో ఇద్దరి మధ్య కాల్ వీలైనంత వరకు ఇలాగే నడుస్తుంది. అలా వద్దనుకునేవాళ్ల కోసం ప్రైవసీ సెట్టింగ్స్‌లో కాల్స్‌లో ఐపీ అడ్రస్ దాచే ఆప్షన్‌ని 2023 నవంబరులో ఇచ్చారు. అది ఆన్ చేస్తే కాల్ మొత్తం వాట్సాప్ సర్వర్ మీదుగా పోతుంది.

రెండు చోట్ల అడిగితేనే నిజం బయటపడేది

పైన చెప్పిన ట్రిక్ అందరికీ పనిచేయదు. కొన్ని నాట్‌లు ఎవరితో మాట్లాడినా ఒకే బయటి పోర్ట్ వాడతాయి. వీటితో ఇబ్బంది లేదు. కొన్ని మాత్రం మనిషికో నంబర్ ఇస్తాయి. స్టన్ సర్వర్‌తో మాట్లాడితే ఒక పోర్ట్, కువైట్ ఫోన్‌తో మాట్లాడితే ఇంకో పోర్ట్. స్టన్ చెప్పిన నంబర్ పట్టుకుని అవతలివాళ్లు తడితే అక్కడ తలుపే ఉండదు. దీన్ని సిమెట్రిక్ నాట్ అంటారు.

ఇది పట్టుకోవాలంటే సర్వర్‌కి రెండు పబ్లిక్ ఐపీలు ఉండాలి. ఫోన్ మొదటి ఐపీని అడుగుతుంది, తర్వాత అదే సాకెట్ నుంచి రెండో ఐపీని అడుగుతుంది. రెండు జవాబుల్లో పోర్ట్ ఒకటే వస్తే మంచి నాట్. మారితే సిమెట్రిక్. ఇంకో పరీక్ష కూడా ఉంది. 'నీ రెండో అడ్రస్ నుంచి నాకు జవాబివ్వు' అని మొదటి అడ్రస్‌ని అడగడం. ఆ జవాబు లోపలికి చేరిందంటే మన రౌటర్ ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా రానిస్తోందని అర్థం. చేరకపోతే పుస్తకంలో ఉన్నవాళ్లనే రానిస్తోందన్నమాట. 2010లో వచ్చిన ప్రమాణం ఈ పరీక్షల్ని వివరంగా రాసింది. అది కూడా ఒక హెచ్చరిక చేస్తుంది.. ఈ ఫలితం ఆ క్షణానికి మాత్రమే నిజం. రద్దీ పెరిగితే అదే రౌటర్ వేరేలా ప్రవర్తించొచ్చు. కాబట్టి పొద్దున ఒకసారి, రాత్రి అందరూ వీడియోలు చూసే టైంలో ఒకసారి టెస్ట్ చేయడం మంచిది.

తట్టి చూసే సర్వర్

స్టన్ అద్దం లాంటిది, మనం ఎలా కనిపిస్తున్నామో చెబుతుంది. 'ఎవరైనా కొత్తవాళ్లు నేరుగా నా దగ్గరికి రాగలరా?' అన్న ప్రశ్నకి అద్దం చాలదు, మనిషి కావాలి. అందుకే పీర్ టు పీర్ ప్రాజెక్టులు ఇంకో రకం సర్వర్ వాడతాయి. మీ కంప్యూటర్ ఒక పోర్ట్ తెరిచి కూర్చుంటుంది, సర్వర్‌కి కబురు పెడుతుంది.. 'ఒకసారి వచ్చి తట్టండి' అని. సర్వర్ కొత్తగా కనెక్షన్ చేసి చూస్తుంది. తలుపు తెరుచుకుంటే సరే, లేదంటే మీరు నాట్ వెనక ఉన్నట్టు. గ్నూనెట్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టులో ఈ ఒక్క పనికే చిన్న సర్వర్ ప్రోగ్రాం ఉంది. ఐపీఎఫ్ఎస్, ఈథీరియం లాంటివి వాడే లిబ్‌పీ2పీలో అయితే ప్రత్యేక సర్వర్ కూడా అక్కర్లేదు, తోటి కంప్యూటర్లే ఈ సాయం చేసుకుంటాయి. ఒక్కరి మాటే నమ్మకుండా కొందరిని అడిగి తేల్చుకుంటాయి. ఆ పద్ధతి పేరు ఆటోనాట్.

ఇది నడిపేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఎవరో వచ్చి 'ఫలానా అడ్రస్‌ని తట్టు' అంటే వెళ్లి తట్టేశారనుకోండి, మీ సర్వర్‌ని అడ్డం పెట్టుకుని ఇంకొకరి మీద దాడి చేసినట్టే. అందుకే ఆటోనాట్ మొదటి వెర్షన్‌లో అడిగినవాళ్ల సొంత ఐపీని తప్ప వేరేదాన్ని తట్టకూడదని నియమం పెట్టారు. రెండో వెర్షన్‌లో వేరే అడ్రస్ ఇవ్వొచ్చు, కానీ ముందు 30 వేల నుంచి లక్ష బైట్ల వరకు ఉత్త డేటా పంపించి ఖర్చు భరించాలి. ఊరికే దాడి చేయించుకునేవాళ్లకి అది గిట్టుబాటు కాదు.

ఇక్కడే కెమెరాల వాళ్లకి ఒక మాట. తట్టి చూస్తే తలుపు తెరుచుకుంది అంటే సంబరపడిపోకండి. మీరు రాగలిగితే ఎవరైనా రాగలరు. 2016లో మిరాయ్ అనే వైరస్ కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలు, డీవీఆర్‌లనే లక్షల్లో పట్టుకుని అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లు పడిపోయేలా చేసింది. పాస్‌వర్డ్ మార్చాకే తలుపు తీయండి.

పంటు ఎక్కక తప్పదు

ఐనవిల్లి మండలం ముక్తేశ్వరం రేవు తెలుసు కదా. అవతల గౌతమి ఒడ్డున కోటిపల్లి. కంటికి కనిపించే దూరమే, కానీ నేరుగా బండి మీద వెళ్లలేం. మనిషైనా బైకైనా పంటు ఎక్కాల్సిందే. రెండు వైపులా మొండి నాట్‌లు ఉన్నప్పుడు వీడియో కాల్ పరిస్థితి అంతే. నేరుగా దారి లేదు కాబట్టి మధ్యలో ఒక సర్వర్ బొమ్మని మోసుకెళ్లాలి. దాని పేరు టర్న్.

స్టన్‌కీ టర్న్‌కీ తేడా ఖర్చులో తెలుస్తుంది. స్టన్‌కి రోజుకి లక్ష ప్రశ్నలొచ్చినా, హెడర్లతో కలిపి బయటికి వెళ్లే డేటా 6 ఎంబీ. అదే టర్న్ మీద ఒక్క వీడియో కాల్, ఒక్కో వైపు 1 ఎంబీపీఎస్ చొప్పున వేసుకుంటే, గంటకి 900 ఎంబీ బయటికి పోతుంది. రాత్రి పూట 20 ఇళ్ల వాళ్లు గల్ఫ్‌కి గంటసేపు మాట్లాడారంటే 18 జీబీ. దారి చెప్పేవాడికి డబ్బులక్కర్లేదు, పంటు నడిపేవాడికి డీజిల్ కావాలి. స్టన్ ఫ్రీగా దొరికి టర్న్ దొరకకపోవడానికి కారణం ఇదే.

దూరం లెక్క కూడా రెండింటికీ ఒకటి కాదు. స్టన్ సర్వర్ ఎక్కడున్నా కాల్ క్వాలిటీ మారదు, మొదట్లో ఒకసారి అడిగి వదిలేస్తాం కాబట్టి. టర్న్ మాత్రం దారిలోనే ఉండాలి. ఐనవిల్లి నుంచి కువైట్‌కి వెళ్లే బొమ్మని అమెరికా తిప్పి తెస్తే మాట ఇక్కడ, పెదవి అక్కడ.

మరి నడపాలంటే?

మొదటి ప్రశ్న అందరికీ వచ్చేదే.. ఇంట్లో పాత కంప్యూటర్‌లో పెట్టేయొచ్చా? సీజీనాట్ వెనక ఉంటే కుదరదు. బయట నిలబడి చూడాల్సినవాడే లోపల ఉంటే ఏం చెబుతాడు? పబ్లిక్ ఐపీ ఉన్న అద్దె సర్వర్ కావాలి. ముంబైలో దొరుకుతాయి, 2022 నవంబరు నుంచి అమెజాన్ క్లౌడ్‌కి హైదరాబాద్‌లో కూడా కేంద్రం ఉంది. స్టన్ ఒక్కటే అయితే అతి చిన్న మెషీన్ చాలు. సిమెట్రిక్ పరీక్ష కూడా కావాలంటే రెండో ఐపీకి విడిగా కట్టాలి.

సాఫ్ట్‌వేర్ ఫ్రీ. కోటర్న్ అనేది స్టన్, టర్న్ రెండూ చేస్తుంది. స్టంట్‌మ్యాన్ అనేది స్టన్ వరకే. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కోటర్న్‌లో స్టన్ మాత్రమే ఆన్ చేసుకోవడం బెటర్. పాస్‌వర్డ్ లేని టర్న్ పెట్టారంటే ఊరందరి ట్రాఫిక్ మీ బిల్లు మీద పోతుంది, దొంగ పనులకీ మీ అడ్రస్సే వాడతారు. ఫైర్‌వాల్‌లో 3478 పోర్ట్‌ని యూడీపీకి, టీసీపీకి తెరవాలి. టర్న్ కూడా ఉంటే 49152 నుంచి 65535 వరకు తెరవాలి. క్లౌడ్ మెషీన్లలో ఒక వింత ఉంది. చాలా క్లౌడ్‌లలో ఆ సర్వరే ఒక నాట్ వెనక ఉంటుంది! అందుకే కోటర్న్ సెట్టింగ్స్‌లో బయటి ఐపీ ఎంతో మనమే రాయాలి.

దుర్వినియోగం స్టన్‌లోనూ ఉంది. వేరేవాళ్ల అడ్రస్ దొంగగా రాసి ప్రశ్న పంపితే జవాబు వాళ్ల మీద పడుతుంది. జవాబు ప్రశ్న కంటే మరీ పెద్దది కాదు కాబట్టి నష్టం తక్కువే, అయినా ఒక్కో ఐపీకి సెకనుకి ఇన్ని అని పరిమితి పెట్టుకోవాలి. ఇక చట్టం సంగతి. కేంద్ర సంస్థ సెర్ట్ ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సర్వర్ అద్దెకిచ్చే కంపెనీలు కస్టమర్ వివరాలు 5 ఏళ్లు దాచాలి. కాబట్టి సరైన పేరు, అడ్రస్‌తోనే తీసుకోండి. ఎవరు ఏ అడ్రస్ నుంచి ఎప్పుడు అడిగారన్నది సర్వర్ నడిపేవాళ్లకి కనిపిస్తుంది, కాల్‌లో ఏం మాట్లాడుకున్నారన్నది మాత్రం స్టన్‌కి తెలిసే అవకాశమే లేదు.

ఎవరు నడపాలి అంటే.. నా మటుకు నాకు లోకల్ కేబుల్ నెట్ ఆపరేటర్లు, అమలాపురం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీల పిల్లలు గుర్తొస్తారు. రాజోలు వైపు మోరి గ్రామం ఏపీ ఫైబర్‌నెట్ మొదట చేరిన ఊళ్లలో ఒకటి. ఫైబర్ వచ్చింది, స్పీడ్ వచ్చింది, కానీ 'నా లైన్ బయటి నుంచి తెరుచుకుంటుందా' అని తెలుగులో అడిగి తెలుగులో జవాబు తీసుకునే చిన్న పేజీ ఇప్పటికీ ఊళ్లోవాళ్ల చేతిలో లేదు. చాలా చిన్న యాప్‌లు ఇప్పటికీ గూగుల్ స్టన్ సర్వర్ మీదే, ఏ ఒప్పందం లేకుండా, నడుస్తున్నాయి.

అన్నీ నాట్ ఖాతాలో వేయొద్దు

దుబాయ్‌లో ఉన్న అమ్మాయికి వాట్సాప్ కాల్ కలవట్లేదంటే అది నాట్ కాదు. యూఏఈలో అనుమతి ఉన్న యాప్‌ల నుంచే ఇంటర్నెట్ కాల్స్ చేసుకోవాలనే నిబంధన ఉంది. అలాగే 2022 మేలో జిల్లా పేరు గొడవలో అమలాపురం అట్టుడికినప్పుడు కోనసీమలో రోజుల తరబడి మొబైల్ నెట్ ఆపేశారు, ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు సిగ్నల్ కోసం ఊళ్లు మారాల్సి వచ్చింది. అలాంటప్పుడు ఏ టెస్ట్ సర్వరూ చేయగలిగింది లేదు.

టెస్ట్‌లో సీజీనాట్ అని తేలితే నెట్ వాళ్లకి ఫోన్ చేసి 'కెమెరా రావట్లేదు' అనకండి. 'నా వ్యాన్ ఐపీ 100.64 సిరీస్‌లో ఉంది, స్టాటిక్ పబ్లిక్ ఐపీ ఇస్తారా, నెలకి ఎంత?' అని అడగండి. ఎక్కువ డబ్బు చెబితే రెండో ప్రశ్న.. 'ఐపీవీ6 ఆన్ చేస్తారా?' అని. అందులో అడ్రస్‌ల కొరత లేదు కాబట్టి నాట్ అవసరమే ఉండదు. 2016లో వచ్చిన జియో మొదటి నుంచీ దాని మీదే ఎక్కువగా ఆధారపడింది. కాకపోతే కెమెరా కూడా ఐపీవీ6 సపోర్ట్ చేయాలి, అవతల కువైట్ నెట్‌లోనూ అది ఉండాలి, రౌటర్ ఫైర్‌వాల్‌లో ఆ ఒక్క పోర్ట్ తెరవాలి. తెరిచాక మళ్లీ బయటి నుంచి ఒకసారి తట్టించి చూసుకోండి.